రామేశ్వరానికి షికారు

గోవా అన్నా బాగుండేది. ఊటీ అన్నా ఎవరూ పట్టించుకునేవారు కాదు, చిన్నవాళ్ళు, నాలుగు రోజులు తిరిగి వస్తారులే అని ఊరుకునేవారు. నేను పోయి పోయి రామేశ్వరం అన్నాను. మా క్యాంపులో ఆ ఊరి పేరు షికారు కోసం ఎత్తకూడదని నాకేం తెలుసు?

నా పేరు రాధాకుమారి. పుట్టింది తెనాలి, మెట్టింది బాన్సువాడ. ఇక్కడినుంచి బీర్కూరు పోయే దారిలో, నిజాంసాగర్ కాలువ కింద, గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న రైతుల ఇళ్ళన్నీ ఒక్కచోట ఉంటాయి. ఆ చోటునే క్యాంపు అంటారు. వచ్చి ఒక తరం గడిచినా, పెంకుటిళ్ళు పోయి డాబాలు లేచినా, అది ఇంకా క్యాంపే. మా మామగారు రామబ్రహ్మంగారు ఆ క్యాంపుకు పెద్దదిక్కు. కాలువ నీళ్ళ తగాదా వచ్చినా, ఎవరింట్లో పెళ్ళి కుదిరినా ఆయన గడప తొక్కాల్సిందే. మా అత్తగారు నాగేంద్రమ్మగారు మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. అలా అని నేనే కాదు, క్యాంపు మొత్తం అనుకునేది.

నేను చెప్పేది ఎనభై రెండు ఎండాకాలం సంగతి. అంతకు ముందు కార్తీకంలో నాకు ఏడో నెలలో కడుపు పోయింది. మావారు హరనాథబాబు ఎరువుల కోసం నిజామాబాదు వెళ్ళిన రోజు అది. మా పొలంలో పనిచేసే తండా మనిషి కమ్లి నన్ను ట్రాక్టరు తొట్టిలో తన ఒళ్ళో పడుకోబెట్టుకుంటే, ఆమె మొగుడు రూప్లా ట్రాక్టరు తోలుకుంటూ బాన్సువాడ దవాఖానకు తీసుకుపోయాడు. నా ప్రాణం దక్కింది గానీ పిల్లవాడు దక్కలేదు. వాణ్ణి నేను చూశాను. అంతకంటే దాని గురించి చెప్పలేను.

ఆ తర్వాత ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అనకుండా చూసేవారు. పేరంటానికి పిలిచి, తాంబూలం ఇచ్చేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆపేవారు. బావి దగ్గరకు నేను పోతే మాటలు మారిపోయేవి. నేను అసలే ముక్కు మీద కోపం ఉన్నదాన్ని. అడిగితే సమాధానం చెప్పగలను, అడక్కుండా జాలిపడేవాళ్ళకు ఏం చెప్పను? చలికాలమంతా ఇంట్లోనే కూర్చున్నాను. అన్నం సయించేది కాదు, నవ్వు అంటే ఏమిటో మర్చిపోయాను.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం మావారి స్నేహితుడు శివరాం వచ్చాడు. రుద్రూరులో వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఉద్యోగం, వరి వంగడాల మీద పని. పెళ్ళాంతో రామేశ్వరం వెళ్ళి వచ్చానని ఫొటోల ఆల్బం తెచ్చాడు. మొదటి ఫొటోలోనే నా కళ్ళు ఆగిపోయాయి. రైలు కిటికీలోంచి తీశాడట. ఈ పక్కా నీళ్ళే, ఆ పక్కా నీళ్ళే, మధ్యలో రైలు. అది దీవి అనీ, దానికి రోడ్డు లేదనీ, సముద్రం మీద కట్టిన వంతెన మీదుగా రైల్లో పోవాల్సిందేననీ చెప్పాడు. దీవి చివర ధనుష్కోడి అని ఒక ఊరుండేదట. పద్దెనిమిదేళ్ళ క్రితం తుఫానులో సముద్రం మీదికి వచ్చి ఊరంతా పోయిందట. ఇసుకలో చర్చి గోడలూ, రైల్వే స్టేషను మొండిగోడలూ ఇంకా నిలబడి ఉన్నాయి. సముద్రానికి ఎదురుగా సర్కారు వారి టూరిస్టు బంగళా ఉంది, గదిలో మంచం మీద పడుకుంటే కిటికీలో నీళ్ళు కనిపిస్తాయి. అన్నీ అయ్యాక, "అన్నట్టు, గుడి కూడా పెద్దదే" అన్నాడు శివరాం.

ఆ పూట నేను రెండోసారి అన్నం వడ్డించుకుని తిన్నాను. మావారు నా కంచం వంక చూశారు, నా ముఖం వంక చూశారు. మావారు సహజంగా 'ఊ' అనే మనిషి. తండ్రి ముందు ఊ, తల్లి ముందు ఊ, నా ముందు ఇంకా పెద్ద ఊ. అలాంటి మనిషి ఆ రోజు తనంతట తానే, "పోదామా?" అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను.

ఇక చూడండి నా వేషాలు. యాసంగి కోతలు అయ్యాక, వైశాఖంలో ప్రయాణం అనుకున్నాం. మావారు సికింద్రాబాదు వెళ్ళి మద్రాసుకూ, మద్రాసు నుంచి రామేశ్వరానికీ టికెట్లు రిజర్వు చేయించి వచ్చారు. పెళ్ళికి పెట్టిన ఫారిన్ జార్జెట్ చీర, లేత నీలం రంగుది, బీరువా అడుగున మగ్గుతోంది. దాన్ని బయటికి తీశాను. బాన్సువాడ టైలరు చేత చేతుల్లేని జాకెట్టు కుట్టించాను. ఎక్కడ వేసుకుంటావమ్మా అని అతను అడిగితే దీవిలో అన్నాను. కూలింగ్ గ్లాసులు, మడమ ఎత్తు చెప్పులు, శివరాం దగ్గర అరువు తెచ్చిన కెమెరా, కొత్త సూట్‌కేసు. ధనుష్కోడి మొండిగోడకు ఆనుకుని ఏ పక్కకు తిరిగి నిలబడాలో అద్దం ముందు చూసుకున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి. ఆరు నెలల తర్వాత నాకు నా ముఖం చూసుకోవాలనిపించింది.

కమ్లికి ఈ సంగతులన్నీ చెప్పేదాన్ని. ఆమెకు నా వయసే. ఆ దవాఖాన రోజు గురించి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు, ఎత్తదని నాకు తెలుసు, అందుకే ఆమె దగ్గర కూర్చుంటే నాకు హాయి. షికారుకు చేతిసంచీ కావాలని నేను అంటే, వాళ్ళమ్మ హీరాబాయి చేత కుట్టించి తెచ్చింది. ఎర్రగుడ్డ మీద అద్దాలు, గవ్వలు, తెల్లదారం కుట్లు. నా మొత్తం సింగారంలో అంత సొగసైన వస్తువు ఇంకొకటి లేదు. ఏమివ్వమంటావని నేను అడిగితే కమ్లికి కోపం వచ్చింది.

"ఇచ్చుడేంది రాధక్కా. గుడికి పోతే పో, లేకుంటే లేదు. గా నీళ్ళు ఎట్లుంటయో మంచిగ చూసొచ్చి నాకు చెప్పు. నాకు నిజాంసాగర్ తప్ప వేరే నీళ్ళు ఎరుక లేవు" అంది.

ఇంతవరకూ బాగానే ఉంది. మామగారికి చెప్పే పని మావారిది. ఆయన చెప్పీ చెప్పనట్టు, "నాన్నా, మేం రామేశ్వరం పోదామనుకుంటున్నాం" అన్నారట. షికారుకు అన్న మాట గొంతులోనే మింగేశారు. మామగారు నన్ను వసారాలోకి పిలిచారు. తిడతారనుకుని నేను సిద్ధంగా వెళ్ళాను. తీరా చూస్తే ఆయన కళ్ళనిండా నీళ్ళు. "నీకే ఆ బుద్ధి పుట్టిందా తల్లీ? నేను ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను" అన్నారు.

అప్పుడు తెలిసింది నాకు అసలు కథ. మావారు పుట్టకముందు మా అత్తగారికి ఇద్దరు పిల్లలు పోయారు. అప్పుడు మామగారూ, ఆయన తల్లీ ఆవిడను రామేశ్వరం తీసుకువెళ్ళారు. సముద్రస్నానం, ఇరవై రెండు బావుల స్నానం, నాగప్రతిష్ఠ, అన్నీ చేయించారు. మరుసటి ఏడే మావారు పుట్టారు. రామేశ్వరంలో ఉన్నది శివుడు కాబట్టి హరనాథ అని పేరు పెట్టారు. పేరులోనే సాక్ష్యం ఉంటే ఇక ఆయనతో ఏం వాదించను? మా మామగారు చెడ్డవారు కాదు. ఆయన కష్టం తీరిన దారి అది. అదే దారిలో నన్నూ నడిపించాలని ఆయన తాపత్రయం.

మర్నాటికి క్యాంపంతా పాకింది. పిల్లల కోసం రామబ్రహ్మంగారి కోడలు రామేశ్వరం మొక్కుకు పోతోందట. రామేశ్వరం పోయేవాళ్ళ చేతికి ముడుపులివ్వడం మా వాళ్ళ ఆనవాయితీ. పసుపు గుడ్డలో కానుక మూటకట్టి, పోయేవాళ్ళ చేతిలో పెడితే, వాళ్ళు హుండీలో వేసి వస్తారు. తాము పోలేకపోయినా మొక్కు చేరినట్టే. మొదట వచ్చింది ఎదురింటి సీతారావమ్మగారు. కూతురికి కాన్పు సుఖంగా కావాలని ముడుపు. ఇచ్చి ఊరుకుందా? నా పొట్ట మీద చెయ్యి వేసి, ఈసారి నిలుస్తుందిలే అమ్మా అంది. నేను ఆవిడ చెయ్యి తీసి పక్కన పెట్టాను. తర్వాత బసవపున్నయ్యగారి ఇంటినుంచి ఒకటి, ఆ వెనక ఇంకొకటి. ప్రతి ముడుపుతోనూ ఒక సలహా, ఒక నిట్టూర్పు. ఆ చెట్టుకు ప్రదక్షిణం చెయ్యి, ఈ వేరు నూరుకుని తాగు. కార్తీకం నుంచి బావి దగ్గర దాచుకున్న మాటలన్నీ ఇప్పుడు నా గడపలోకి వచ్చి పడ్డాయి. నా జార్జెట్ చీర పెట్టుకున్న సూట్‌కేసు నిండా పసుపు మూటలే.

అక్కడితో అయిందా? మామగారు బాన్సువాడలో పురోహితుణ్ణి కలిసి వచ్చి, ప్రయాణం మొత్తం తిరగరాశారు. నాకు తోడుగా ఆయనా, అత్తయ్యగారూ వస్తారు. బసవపున్నయ్యగారి దంపతులూ వస్తారు. టూరిస్టు బంగళా ఎందుకు, సత్రంలో దిగుతాం. బియ్యం మూట, కిరసనాయిలు స్టవ్వు, పప్పులు, పచ్చళ్ళు కూడా వస్తాయి. నేను మడిచీర కట్టుకోవాలి, చేతుల్లేని జాకెట్టు ఇంట్లో వదలాలి. యాత్ర పూర్తయ్యేదాకా నేలపడక, ఒంటిపూట భోజనం. మొగుడూ పెళ్ళాల పడక వేరు. సరదాగా మొగుడితో షికారుకు పోదామనుకుంటే నాకు దక్కింది ఇది.

మావారు ఏమంటారని మీరు అడగక్కర్లేదు. ఊ అన్నారు.

ఆవకాయ పెట్టే రోజు వచ్చింది. మా ఇంట్లో ఆవకాయంటే పెళ్ళంత హడావుడి. వసారాలో మామగారు కత్తిపీట ముందు కూర్చుని కాయలు కొడుతుంటే, మావారు జీడి తీసి పడేస్తుంటే, అత్తయ్యగారూ నేనూ ఒక్కో ముక్కనూ పొడిగుడ్డతో తుడిచి చాప మీద ఆరబెడుతున్నాం. కాయ కొట్టడం మొదలుపెట్టాక ఎవరూ లేవడానికి లేదు. కొట్టిన ముక్క కొట్టినట్టు తుడిచేయాలి, తడి తగలకూడదు. మామగారు కాయ కొడుతూ కొడుతూ, నాగప్రతిష్ఠకు ఏ రోజు మంచిదో, సంకల్పంలో నా పేరు పక్కన ఏమని చదవాలో పురోహితుడు చెప్పింది చెబుతున్నారు. మృతశిశువు అన్న మాట వచ్చింది. నా చెయ్యి ఆగిపోయింది.

"నేను రాను మామయ్యగారూ" అన్నాను.

ఆయన కత్తిపీట మీద చెయ్యి ఆపి, ఒంట్లో బాగాలేదా అని అడిగారు. బాగానే ఉంది, రాను అన్నాను. ఎందుకన్నారు. ఇక నాకు ఆగలేదు.

"నా బిడ్డ పోయాడు. ఆ సంగతి నాకు తెలుసు, దేవుడికి తెలుసు, ఈ క్యాంపులో చీమకు కూడా తెలుసు. మళ్ళీ చెప్పుకోవడానికి నేను అంత దూరం పోనక్కర్లేదు. నాలుగు రోజులు నన్ను చూసి అయ్యో అనేవాళ్ళు లేని చోట ఉందామనుకున్నాను. అదీ కుదరకపోతే మానేస్తాను."

గట్టిగానే అన్నాను. అనేసి, సిగ్గు లేకుండా ఏడ్చాను. మామగారి ముఖం నల్లబడింది. దేవుడి దగ్గర కూడా ఇంత పొగరా అన్నారు. లేచిపోయేవారే, ముందు కాయల గుట్ట ఉంది కాబట్టి కూర్చున్నారు. మావారు జీడి చేత్తో పట్టుకుని తల్లి వంక చూశారు.

"అమ్మాయ్, ముందు ముఖం తుడుచుకో. ముక్కల మీద తడి పడితే ఏడాదంతా బూజే" అన్నారు అత్తయ్యగారు. నేను కొంగుతో తుడుచుకున్నాను. ఆవిడ చేతిలో ముక్క తుడుస్తూనే, తల ఎత్తకుండా, మామగారిని అడిగారు. "ఏవండీ, రామేశ్వరంలో సముద్రం ఎలా ఉంటుంది?"

"ఎలా ఉండటమేమిటి? గుడికి ఎదురుగా. నువ్వు స్నానం చేసిందే కదా."

"చేశాను. కళ్ళు మూసుకుని మూడు మునకలు వెయ్యమన్నారు, వేశాను. తల దించుకుని నడవమన్నారు, నడిచాను. తడిచీరతో వణుకుతూ ఇరవై రెండు బావులు తిరిగాను. దారిలో ఎదురైన ప్రతివాళ్ళకూ మీ అమ్మగారు నన్ను చూపించి, దీనికి ఇద్దరు పోయారండీ అని చెప్పుకుంటూ వచ్చారు. నాకు పద్దెనిమిదేళ్ళు. మాది నరసరావుపేట దగ్గర మెట్ట ఊరు, అంతకు ముందు సముద్రం చూసిన పాపాన పోలేదు. అందులో మునిగి వచ్చిన మనిషిని, ఈ రోజుకీ అది ఎలా ఉంటుందంటే చెప్పలేను."

 మామగారు చాలా చిన్నగా అన్నారు. "మరి, వీడు పుట్టాడు కదే."

"పుట్టాడు. దేవుడి దయ. రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. దానికోసం ఈ పిల్ల కూడా కళ్ళు మూసుకోవాలా?"

 మామగారు కత్తిపీట ముందుకు జరుపుకుని, మిగిలిన కాయలన్నీ కొట్టారు.  అత్తయ్యగారు మాత్రం ఏమీ జరగనట్టు ఆవపిండి, కారం, ఉప్పు కలిపి, నూనె పోసి, జాడీలకు ఎత్తి, వాసెన కట్టి, స్నానానికి వెళ్ళిపోయారు. నోట్లో నాలుక లేని మనిషట! ముప్పై ఏళ్ళు ఆ మాట లోపల పెట్టుకుని, నాకోసం బయటికి తీశారు. తనకోసం ఎప్పుడూ తియ్యలేదు. ఆ మధ్యాహ్నం ఆవిడ వీపు వంక చూస్తూ నేను ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. మా అమ్మ కూడా నన్ను అంత బాగా అర్థం చేసుకోలేదు.

సాయంత్రం మామగారు నా సూట్‌కేసు తెమ్మన్నారు. పసుపు మూటలన్నీ తీసి భుజం మీది కండువాలో కట్టుకుని బయటికి పోయారు. ఎక్కడికని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. పురోహితుడి దగ్గరకు పోయి ఇంకేదో శాంతి చేయిస్తారేమోనని నాకు భయం. ఆయన వచ్చి భోంచేసి పడుకున్నారు. సంగతి నాకు మర్నాడు పొద్దున కమ్లి వచ్చి చెప్పింది. వడ్లు ఎత్తడానికి బసవపున్నయ్యగారి కళ్ళంలో ఉందట, తన చెవులతో విన్నదట.

"పెద్దయ్య ఇల్లిల్లు తిరిగి ఎవ్వరివి వాళ్ళకు ఇచ్చిండు. మా కోడలు మొక్కుకు పోతలేదు, సముద్రం చూడనీకి పోతుంది అని చెప్పిండు. సీతారావమ్మ ఏందో అనబోయింది. అప్పుడన్నడు, మా ఇంట్ల ఒక ఆడమనిషి అంత దూరం పోయి ఏం చూడకుంటనే వచ్చింది, తప్పు నాదే, ఇంకొకామెను గట్ల పంపను అని."

 ఆ మనిషి ఎవరనుకున్నారు? తన పొలం గట్టు తానే తప్పుగా వేశానని కూడా ఒప్పుకోని మనిషి. కాలువ నీళ్ళ పంచాయితీలో తన మాట తప్పని తెలిసినా వెనక్కి తీసుకోని మనిషి. అలాంటివారు ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ళ ముందు నిలబడి, తప్పు నాదే అన్నారు. నేను లోపలికి వెళ్ళి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాను. ఆయన ఇబ్బందిగా కాళ్ళు వెనక్కి లాక్కుని, రైలు మధురైలో ఎంతసేపు ఆగుతుందో కనుక్కోమని మావారిని కేకేశారు.

అత్తయ్యగారిని మీరూ రండి అని బతిమాలాను. బియ్యం మూట లేకుండా, మడిచీర లేకుండా, మామూలుగా రండి అన్నాను. ఆవిడ నవ్వి, మూడో రోజు ఆవకాయ తిరగకలపాలి, ఎవరు కలుపుతారు అన్నారు. అది సాకని నాకు తెలుసు. మొగుడూ పెళ్ళాలను ఒంటరిగా పంపాలని ఆవిడ ఉద్దేశం. బయల్దేరే రోజు బాన్సువాడ బస్టాండుకు ఆవిడే స్వయంగా వచ్చారు. చేతుల్లేని జాకెట్టు మీద అద్దాల సంచీ తగిలించుకుని నేను బస్సు దగ్గర నిలబడితే జనం తలలు తిప్పి చూస్తున్నారు. ఆవిడ నా కొంగు సర్ది, చెవి దగ్గరకు వచ్చి, గుళ్ళోకి పోతే పో, దేవుణ్ణి ఏమీ అడక్కు, ఊరికే చూసి రా అన్నారు.

అలాగే చేశాను. వంతెన మీద రైలు మనిషి నడిచినంత మెల్లగా పోయింది. నేను కిటికీ ఊచలు పట్టుకుని, కళ్ళు ఆర్పకుండా చూశాను. అత్తయ్యగారి కోసం కూడా చూశాను. ధనుష్కోడిలో చర్చి గోడ పక్కన నిలబడి ఫొటో దిగుతుంటే గాలికి చీర నిలవలేదు, మావారు కెమెరా వదిలేసి చీర పట్టుకున్నారు, ఆ నవ్వుకు ఇద్దరం ఇసుకలో కూలబడ్డాం. ఒక సాయంత్రం నీళ్ళ ఒడ్డున కూర్చుని నా పిల్లవాడి గురించి మావారికి మొదటిసారి చెప్పాను. వాడి ముక్కు మీలాగే ఉంది అన్నాను. ఆయన ఊ అనలేదు. నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. ఎవరూ మమ్మల్ని చూసి అయ్యో అనలేదు, ఒక జాలరి కుర్రాడు మాత్రం గవ్వలు కొనమని విసిగించాడు. గుళ్ళోకి వెళ్ళాను. అడగడానికి ఏమీ లేకపోతే దేవుడి ముందు నిలబడటం ఎంత తేలికో అప్పుడే తెలిసింది. ఇలాంటి అత్తగారిని ఇచ్చినందుకు దణ్ణం పెట్టి వచ్చాను.

తిరిగి వచ్చాక క్యాంపులో నాకు తీరికే లేదు. అడిగినవాళ్ళకల్లా చెప్పాను. సీతారావమ్మగారికి కూడా చెప్పాను, ఆవిడ నోరు తెరుచుకుని వింది. కమ్లికైతే రెండు పూటలు చెప్పాను. నీళ్ళు పొద్దున ఒక రంగు, మధ్యాహ్నం ఒక రంగు అంటే, నువ్వు మస్తు అబద్ధాలు చెప్తున్నవ్ రాధక్కా అని నవ్వింది.

అత్తయ్యగారికి మాత్రం చెప్పలేదు. మొదటి రోజు ఆవిడ కూర తరుగుతూ, అయితే ఎలా ఉంది అని అడిగారు. ఏది అన్నాను. అదే అన్నారు. చెప్పను అన్నాను. వేళాకోళమనుకున్నారు. మర్నాడు మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పనన్నాను. ఆవిడకు కోపం వచ్చింది. ఊరందరికీ చెబుతావు, నాకు చెప్పడానికి నోరు రాలేదా అన్నారు. నాకు అన్నం వడ్డించేటప్పుడు గరిట చప్పుడు చేశారు. ఫొటోలు కడిగించి తెస్తే, ఆల్బం ఆవిడకు అందకుండా బీరువాలో పెట్టి తాళం వేశాను. మావారు భయపడి, అమ్మకు చూపించరాదూ అన్నారు. మీరూరుకోండి అన్నాను.

ఆ మధ్యాహ్నం వసారాలో నేను కమ్లికి వంతెన గురించి చెబుతుంటే ఆవిడ గుమ్మంలోకి వచ్చారు. నేను టక్కున ఆపేశాను. ఆవిడ కళ్ళు నిజంగానే చెమర్చాయి.

"నేనేం తప్పు చేశానే అమ్మాయ్?" అన్నారు.

"మీరేం తప్పూ చెయ్యలేదు అత్తయ్యగారూ. నేను చెబితే మీరు విని, చూసినట్టే అనుకుని ఊరుకుంటారు. అందుకే చెప్పను. కళ్ళు తెరుచుకుని మీరే చూద్దురు గాని."

ఆవిడ గుమ్మం పట్టుకుని అలాగే నిలబడ్డారు. కమ్లి తల వంచుకుని నేల గీస్తోంది. మామగారు వసారా అవతల మంచం మీద పడుకుని నిద్ర నటిస్తున్నారు, రెప్పలు కదులుతున్నాయి. అత్తయ్యగారు కొంగుతో ముఖం తుడుచుకుని, ఆయన మంచం దగ్గరకు వెళ్ళారు.

"ఏవండీ, వచ్చే ఏడు యాసంగి నాట్లు కాస్త ముందే వేయించండి" అన్నారు.

"ముందెందుకు?" అన్నారు ఆయన, కళ్ళు తెరవకుండానే.

"కోతలు ముందే అయిపోతాయి."

కాలువ నీళ్ళేమైనా మన చేతిలో ఉన్నాయా, వాళ్ళు ఎప్పుడు వదిలితే అప్పుడే నాట్లు అని ఆయన గొణిగారు. పక్కకు తిరిగి పడుకున్నారు. అత్తయ్యగారు వంటింట్లోకి వెళ్ళిపోయారు. బయట రోహిణి ఎండ మండిపోతోంది, కాలువలో చుక్క నీరు లేదు, ఇంకా తొలి వానలే పడలేదు. ఎండ కాస్త తగ్గగానే మామగారు సైకిలు తీసి, యాసంగికి నీళ్ళు ఎప్పుడు వదులుతారో కనుక్కోవడానికి కాలువ తూములు చూసుకునే లష్కరు ఇంటికి వెళ్ళారు.